జేబురుమాలు కొట్టేస్తే ఏడేళ్ళు ఆస్ట్రేలియా: ఇందులో అసలు శిక్ష ఏది?

ప్రశ్నల పుట్ట:
లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు పాత కేసులన్నీ, 1674 నుంచి 1913 దాకా, ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు కదా, ఈ మధ్య రాత్రిళ్ళు అవే తిరగేస్తున్నా. రొట్టెముక్క దొంగిలిస్తే ఆస్ట్రేలియా పంపేశారని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. తీరా 1820, 30ల కేసులు చూస్తే రొట్టె కన్నా జేబురుమాళ్ళే ఎక్కువ కనిపిస్తున్నాయి. రుమాలు ఒకటి, విలువ రెండు షిల్లింగులో మూడో, ఇద్దరు సాక్షుల నాలుగు ముక్కలు, కింద కుర్రాడి వయసు, ఏడేళ్ళ ద్వీపాంతరం. అంతే, తర్వాతి కేసు. కొన్నిట్లో పద్నాలుగేళ్ళు, కొన్నిట్లో జీవితాంతం కూడా ఉంది.

నాకు రెండు డౌట్లు. ఒకటి, రుమాలుకి ఇంత శిక్షేంటి? రెండు, ఆ ఏడేళ్ళూ అయిపోయాక మళ్ళీ ఓడెక్కించి ఇంటికి తెచ్చేవాళ్ళా?

లాయరమ్మ:
మొదటిది నేను చెప్తాను. ఇప్పటి మనకి శిక్ష అనగానే జైలు గుర్తొస్తుంది, అప్పటి ఇంగ్లండులో ఏళ్ళ తరబడి మనుషుల్ని పెట్టే జైళ్ళు ఇంకా సరిగ్గా లేవు. జైలంటే ఎక్కువగా విచారణ దాకా, లేదా అప్పు తీర్చేదాకా ఉంచే చోటు. చట్టం చేతిలో ఉన్న పెద్ద ఆయుధం ఉరి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో రెండొందలకు పైగా నేరాలకి ఉరిశిక్ష వేయొచ్చు. ఇంట్లోంచి నలభై షిల్లింగుల సొత్తు పోతే ఉరి, షాపులో చాటుగా అయిదు షిల్లింగుల సరుకు లేపేస్తే ఉరి. జూరీలో కూర్చున్న వర్తకులకే అది మనసొప్పేది కాదు, అందుకే ఎంతో ఖరీదు చేసే సొత్తుని కూడా ముప్పై తొమ్మిది షిల్లింగులని తేల్చి మనిషిని బతికించేవాళ్ళు. మీరు చూసే కేసుల్లో 39 అన్న అంకె పదే పదే కనిపిస్తే కారణం అదే.

జేబుదొంగతనానికి ఉరి రద్దు చేయించింది సామ్యూల్ రొమిలీ అనే ఎంపీ, 1808లో. బదులుగా ద్వీపాంతరం వచ్చింది, జీవితాంతం దాకా వేయొచ్చు. తమాషా ఏంటంటే ఉరి పోయాక కేసులు పెరిగాయి! అప్పట్లో కేసు నడపాల్సింది సర్కారు కాదు, సొత్తు పోయినవాడే. రుమాలు కోసం ఒక పిల్లాణ్ణి ఉరికంబం ఎక్కించడం ఎందుకులే అని ఊరుకున్నవాళ్ళంతా, ఓడే కదా అని కోర్టుకెక్కారు. షాపు దొంగతనానికి కూడా ఉరి తీసేద్దామని రొమిలీ 1810లో బిల్లు తెస్తే లార్డ్స్ సభ కొట్టేసింది, కొట్టేసినవాళ్ళలో బిషప్పులూ ఉన్నారు.

ఇంకో సంగతి. పన్నెండు పెన్నీల లోపు సొత్తయితే చిల్లర దొంగతనం, పైనయితే పెద్ద దొంగతనం అనే తేడా 1827 దాకా ఉండేది. కానీ చిల్లర దొంగతనానికి కూడా ఏడేళ్ళు పంపే వీలు 1718 నుంచే ఉంది. ముద్దాయి లాయరు జూరీతో నేరుగా వాదించడానికి 1836 దాకా అనుమతే లేదు. అందుకే విచారణలు కొద్ది నిమిషాల్లో తేలిపోయేవి.

బెజవాడ బాబాయ్:
ఇప్పుడు అందరూ అయ్యో పాపం రుమాలు అని మొదలుపెడతారు చూడండి. మూడు షిల్లింగులంటే చిల్లర కాదమ్మా. 1834లో డోర్సెట్‌లో టోల్‌పడిల్ పల్లెకూలీలు సంఘం పెట్టుకున్నారని ఏడేళ్ళు వేసి పంపారు, వాళ్ళ వారం కూలి ఏడు షిల్లింగులు, దాన్ని ఆరు చేస్తామన్నందుకే వాళ్ళు ఏకమయ్యారు. ఆ లెక్కన రుమాలు అంటే దాదాపు మూడు రోజుల కష్టం. పైగా ఓడెక్కినవాళ్ళలో అంతకుముందే ఏదో ఒక కేసులో శిక్ష పడ్డవాళ్ళు బోలెడుమంది. వెనక ముఠాలు, ఆ సొత్తు కొనే షావుకార్లు.

ఆ షావుకార్లలో ఐకీ సాలమన్స్ కథ వినండి. లండన్‌లో దొంగసొత్తు కొనడంలో ఆరితేరినవాడు. 1827లో పట్టుబడ్డాడు, కోర్టు నుంచి జైలుకి బండిలో తీసుకెళ్తుంటే తప్పించుకున్నాడు, ఆ బండి తోలింది వాళ్ళ మామగారే! అమెరికా చేరాడు. పోలీసులు కోపం పెళ్ళాం మీద చూపించారు, దొంగసొత్తు ఉంచుకుందని ఆమెను ఆస్ట్రేలియా దక్షిణాన తాస్మానియా దీవిలో ఉన్న హోబార్ట్ పంపేశారు, చిన్నపిల్లలు కూడా వెంట వెళ్ళారు. ఇక ఈయన ఊరుకోలేక 1828లో సొంత డబ్బులతో టికెట్ కొనుక్కుని మారుపేరుతో హోబార్ట్ వెళ్ళాడు. అక్కడ సగం ఊరు ఈయన పాత కస్టమర్లే, చూడగానే గుర్తుపట్టేశారు. గవర్నరు దగ్గర వారంటు లేక కొన్నాళ్ళు వదిలేశారు. చివరికి పట్టుకుని లండన్ తీసుకెళ్ళి 1830లో విచారణ జరిపి, పద్నాలుగేళ్ళ ద్వీపాంతరం వేసి, మళ్ళీ ఎక్కడికి పంపారనుకున్నారు? హోబార్ట్‌కే. సర్కారు ఖర్చుతో.

పాత కాగితాలు:
బాబాయ్ గారూ, ఐకీ కథ బాగుంది, కానీ ఆయన దగ్గర టికెట్ డబ్బులున్నాయి. రెండో డౌటుకి జవాబు అక్కడే ఉంది.

వెనక్కి తెచ్చేవాళ్ళా అని అడిగారు. లేదు. తీసుకెళ్ళడానికి ఓడ సర్కారుది, తిరిగి రావడానికి ఎవరి ఖర్చు వాళ్ళదే. ఏడేళ్ళు పూర్తయినవాడికి విడుదల పత్రం అనే కాగితం ఇస్తారు, ఇక నువ్వు స్వేచ్ఛాజీవివి, ఎక్కడికైనా వెళ్ళు అంటారు. వెళ్ళాల్సింది భూగోళానికి అవతలి వైపు, 1830లలో కూడా నాలుగు నెలల ప్రయాణం. మగాళ్ళయితే ఓడల మీద పనికి కుదిరి వెళ్ళే దారి కొంత ఉండేది. ఆడవాళ్ళకి అదీ లేదు. అసలు తిరిగి వెళ్ళినవాళ్ళు బహు తక్కువ. గడువు తీరకుండా ఇంగ్లండులో కనిపిస్తేనో, 1834 దాకా దానికి ఉరి.

కాబట్టి నేనేమంటానంటే, జడ్జి నోట వచ్చిన ఏడేళ్ళు అన్న మాట కాగితం మీదిది. ఏడేళ్ళు పడినా పద్నాలుగు పడినా చాలామందికి ఫలితం ఒకటే, ఊరితో తెగిపోవడం. సొత్తు విలువని బట్టి శిక్ష కొలిచారని మనం ఇక్కడ షిల్లింగులు లెక్కేస్తున్నాం, నిజానికి కొలత అనేదే లేదు. ఓడెక్కే ముందు ఖైదీలు రాగి నాణేలని నున్నగా అరగదీసి వాటి మీద పేరు, తేదీ, నన్ను మరచిపోకు లాంటి మాటలు గీసి ఇంటివాళ్ళకి ఇచ్చి వెళ్ళేవాళ్ళు. మ్యూజియాల్లో ఇంకా ఉన్నాయి. ఏడేళ్ళలో వచ్చేస్తాం అనుకున్నవాళ్ళు చేసే పని కాదది.

ఒక్క సవరణ మాత్రం చేర్చాలి. శిక్ష పడ్డ ప్రతివాడూ ఆస్ట్రేలియా చేరలేదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో అక్కడికి పంపే దారి మూసుకుపోయాక, 1776 నుంచి, థేమ్స్‌లోనూ పోర్ట్స్‌మత్ దగ్గరా పాత యుద్ధనౌకల్ని తెరచాపలు పీకేసి జైళ్ళు చేశారు. ఏడేళ్ళ వాళ్ళు చాలామంది ఆ కుళ్ళు ఓడల్లోనే కొన్నేళ్ళు డాక్‌యార్డుల్లో బండచాకిరీ చేసి విడుదలయ్యారు. 1857 దాకా నడిచాయవి.

గోదారి గట్టు:
అంత ఏడుపుగొట్టు కథేం కాదేమో అనిపిస్తుంది నాకు. లాంకషైర్ పిల్ల మేరీ రీబీ, మగపిల్లాడి వేషంలో గుర్రం దొంగిలించిందని 1792లో సిడ్నీ చేరింది, తర్వాత ఓడలూ గోడౌన్లూ ఉన్న వ్యాపారి అయింది. ఇవాళ ఆస్ట్రేలియా ఇరవై డాలర్ల నోటు మీద ఉన్నది ఆవిడ బొమ్మే. జార్జ్ బారింగ్టన్ అని పేరుమోసిన జేబుదొంగ, 1790లో శిక్ష పడి వెళ్ళి సిడ్నీ దగ్గరి పరమట్టాలో పోలీసు పెద్ద అయ్యాడు. ఫోర్జరీ కేసులో 1814లో వెళ్ళిన గ్రీన్‌వే సిడ్నీలో సగం పెద్ద కట్టడాలకి ఆర్కిటెక్టు. ఇంగ్లండులోనే ఉంటే వీళ్ళకి ఈ బతుకు దొరికేదా? మొదట్లో గడువు తీరినవాడికి ముప్పై ఎకరాలు, పెళ్ళయితే ఇంకో ఇరవై, పిల్లాడికి పదేసి ఇచ్చారు. మనకిప్పుడు ఎవరిస్తారు చెప్పండి!

హోబార్ట్ వదిన:
గట్టు గారూ, నేను ఉండేది ఆ ఊళ్ళోనే, అందుకని కాస్త గట్టిగానే చెప్తా. నోటు మీదకి ఎక్కినవాళ్ళ పేర్లే మీకు తెలుస్తాయి. మొత్తం 1788 నుంచి 1868 దాకా ఆస్ట్రేలియా వచ్చిన ఖైదీలు సుమారు 1,62,000 మంది, అందులో ఆడవాళ్ళు పాతికవేల దాకా. ఆ పాతికవేల మందిలో ఎక్కువ మంది ఇళ్ళల్లో పనిమనుషులుగా ఉంటూ గుడ్డలో, చెంచాలో తీసినవాళ్ళు. ఇక్కడ కూడా పనిమనుషులుగానే ఇళ్ళకి అప్పగించేవాళ్ళు. తిండి, బట్ట ఇస్తారు, జీతం లేదు. యజమాని ఇంట్లో ఏం జరిగినా సరే, కడుపొస్తే తప్పు ఆమెదే, వెనక్కి ఫ్యాక్టరీకి పంపేస్తారు. ఫ్యాక్టరీ అంటే ఆడవాళ్ళ జైలు. కాస్కేడ్స్ ఫ్యాక్టరీ గోడలు మా ఊరి కొండ కింద ఇప్పటికీ ఉన్నాయి, 1828లో తెరిచారు. పగలు కూడా ఎండ సరిగ్గా పడని లోయ అది. జుట్టు కత్తిరించడం అక్కడ ఒక శిక్ష. అక్కడి పసిపిల్లలు ఎంతమంది పోయారంటే ఆ రోజుల్లోనే పేపర్లలో గొడవైంది.

మగపిల్లల సంగతి సరేసరి. ఇక్కడి పోర్ట్ ఆర్థర్ ఖైదీల స్థావరానికి ఎదురుగా పాయింట్ ప్యూర్ అని పిల్లల జైలు, 1834 నుంచి 1849 దాకా, తొమ్మిదేళ్ళ వాళ్ళు కూడా ఉండేవాళ్ళు. వడ్రంగం, చెప్పులు కుట్టడం, రాయి చెక్కడం నేర్పారు, అది నిజమే. కొరడా, ఒంటరి గది కూడా నిజమే.

ఇప్పుడు మా ఆఫీసులో మాత్రం మా ముత్తాత తాత ఖైదీ అని గొప్పగా చెప్పుకుంటారు. రెండు మూడు తరాల కిందట అదే మాట ఇంట్లో ఎత్తేవాళ్ళు కాదట. ఎవరెవరు ఏ ఓడలో వచ్చారు, ఎత్తెంత, కళ్ళ రంగేంటి, చేతి మీద ఏ పచ్చబొట్టు ఉంది, అన్నీ రిజిస్టర్లలో రాశారు, అవన్నీ తాస్మానియా ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు.

గోదారి గట్టు:
వదిన గారూ, ఆడవాళ్ళ విషయంలో మీ మాటకి ఎదురు చెప్పను. మగాళ్ళ సంగతిలో మాత్రం నా మాట నాదే, టికెట్ ఆఫ్ లీవ్ అని ఉండేది కదా, బుద్ధిగా ఉంటే గడువు లోపలే సొంత పని చేసుకుని సంపాదించుకోవచ్చు.

పాత కాగితాలు:
ఉండేది. అది చేతికి రావడం ఎవరి దయ మీద ఆధారపడిందో కూడా చూడండి. యజమాని తన ఖైదీని తానే కొట్టకూడదు, మేజిస్ట్రేటు దగ్గరకి పంపాలి. ఆ మేజిస్ట్రేటు పక్క ఎస్టేటు యజమాని. నా పనివాణ్ణి నువ్వు కొట్టించు, నీ వాణ్ణి నేను కొట్టిస్తా. 1832లో సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో ఒంటరి మేజిస్ట్రేటు యాభై దెబ్బలకి మించి వేయకూడదని చట్టం తెస్తే, చేతులు కట్టేశారని భూస్వాములు గవర్నరు మీద విరుచుకుపడ్డారు. 1837, 38ల్లో పార్లమెంటు వేసిన మోల్స్‌వర్త్ కమిటీ లండన్‌లో కూర్చుని సాక్ష్యాలు విని ఇది బానిసత్వానికి దగ్గరగా ఉందని తేల్చింది, 1840లో న్యూ సౌత్ వేల్స్‌కి పంపడం ఆపారు.

ఆ ముప్పై ఎకరాల గురించి కూడా. అవి గవర్నరు జేబులోంచి ఇవ్వలేదు కదా. ఆదివాసీలని తరిమి తీసుకున్న నేల అది. వదిన గారి తాస్మానియాలోనే 1820లలో ఆ తరిమివేత యుద్ధంగా మారింది. జేబురుమాలు తీసినవాడికి శిక్ష, ఖండం తీసుకున్నవాడికి నైట్‌హుడ్ అని ఊరికే అన్నారా.

బెజవాడ బాబాయ్:
ఎవరన్నారు, మీరే కదా అంది! సరే, మంచి మాటే. ఓడల్లో చచ్చిపోయిన వాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1790లో వెళ్ళిన ఖైదీ ఓడల రెండో దండులో దాదాపు నాలుగో వంతు దారిలోనే పోయారు. కాంట్రాక్టర్లు బానిస వ్యాపారంలో ఆరితేరిన కంపెనీ, డబ్బు ఎక్కించిన తలకి ఇంత అని, దిగిన తలకి కాదు. ఇంక తిండి ఎందుకు పెడతారు?

పాత కాగితాలు:
అవును, తర్వాత ఆ పద్ధతి మార్చారు, క్షేమంగా దిగిన మనిషి లెక్కన డబ్బు, 1815 తర్వాత ప్రతి ఓడకీ నౌకాదళం డాక్టరు. దాంతో చావులు నూటికి ఒకటి దగ్గరకి వచ్చాయి. మనుషులు మారలేదు, బిల్లు కట్టే పద్ధతి మారిందంతే. అయినా సముద్రం సముద్రమే. 1833లో ఆంఫిట్రైట్ అనే ఓడ ఫ్రాన్స్‌లో బులోన్ తీరం పక్కనే ఇసుకలో కూరుకుని ముక్కలైంది, అందులో ఉన్న వందకు పైగా స్త్రీ ఖైదీలు పిల్లలతో సహా పోయారు. బతికింది ముగ్గురు, ముగ్గురూ నావికులే.

చీరాల చేనేత:
ఈ రుమాళ్ళ గొడవలో నాకో మాట. అవి ఎక్కడివనుకుంటున్నారు? మూడు షిల్లింగుల పట్టు రుమాళ్ళలో చాలా మటుకు ఇండియావే, బెంగాల్ నుంచి వెళ్ళిన బందనాలు. ఇండియా పట్టు ఇంగ్లండులో వాడకూడదని అక్కడి నేతగాళ్ళ కోసం 1826 దాకా నిషేధం ఉండేది, ఆ నిషేధమే వాటికి గిరాకీ తెచ్చింది, దొంగ రవాణా సాగింది. ముక్కుపొడుం పీల్చే పెద్దమనుషులకి తెల్ల రుమాలు పనికిరాదు, మరకలు కనిపిస్తాయి, రంగుల పూల రుమాలు కావాలి. కోటు వెనక జేబులో కొస బయటికి కనిపించేలా పెట్టుకుంటారు, వెనక నడిచే కుర్రాడికి ఇంకేం కావాలి. హాల్బర్న్ పక్కన ఫీల్డ్ లేన్ అనే సందులో దొంగ రుమాళ్ళు బారులుగా వేలాడదీసి అమ్మేవాళ్ళు, మూల ఉన్న పేరు గుర్తుని విప్పేస్తే ఇక ఎవరిదో చెప్పలేరు. మన వైపు పులికాట్ నుంచి వెళ్ళిన నూలు రుమాళ్ళకి కూడా ఆ ఊరి పేరే ఉండేది. నేసినవాడికి ఎంత ముట్టిందో ఆ కోర్టు కాగితాల్లో ఉండదు లెండి.

ప్రశ్నల పుట్ట:
అన్నా, ఇది నేను ఊహించనే లేదు. మరి మనవాళ్ళని కూడా ఇలా పంపారా? అండమాన్ అంటే స్వాతంత్ర్య యోధులే గుర్తొస్తారు, మామూలు దొంగల మాటేంటి?

సింగపూర్ తమ్ముడు:
అండమాన్ కన్నా చాలా ముందే మొదలైంది. ఈస్టిండియా కంపెనీ 1787 నుంచి సుమత్రాలోని బెంకూలెన్‌కి, 1790 నుంచి పెనాంగ్‌కి, 1825 నుంచి సింగపూర్‌కి మన ఖైదీలని పంపింది. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కూడా వచ్చారు, కోస్తా జిల్లాలూ రాయలసీమా అప్పుడు అందులోవే కదా. ఇక్కడ సెయింట్ ఆండ్రూస్ కెథీడ్రల్ 1861లో పూర్తయింది, కట్టింది భారతీయ ఖైదీలు. గోడల పూత మద్రాసు సున్నం. సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, పంచదార, కొబ్బరిపీచు నానబెట్టిన నీళ్ళు కలిపి, ఎండాక రాయితో నున్నగా రుద్దుతారు. నేను దాని పక్కనుంచే రోజూ ఆఫీసుకి వెళ్తా. ఇప్పటి ప్రెసిడెంటు గారి భవనం ఇస్తానా కూడా వాళ్ళు కట్టిందే. బ్రాస్ బాసా జైలు అయితే వాళ్ళని పెట్టడానికి వాళ్ళ చేతే కట్టించారు, వార్డర్లుగా కూడా ఖైదీల్లోంచే తీసుకున్నారు, జీతాలు మిగిలాయి మరి.

గోదారి గట్టు:
మారిషస్‌లో తెలుగువాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళు కూడా ఇలా వెళ్ళిన ఖైదీల సంతానమేనా?

సింగపూర్ తమ్ముడు:
కాదన్నా, ఆ రెండూ కలపకండి. మారిషస్‌కి 1815 నుంచి 1837 దాకా సుమారు 1,500 మంది ఖైదీలు వెళ్ళారు, వాళ్ళు ఎక్కువగా బెంగాల్, బొంబాయి ప్రెసిడెన్సీల వాళ్ళు. 1836లో డార్విన్ పోర్ట్ లూయీలో ఆగినప్పుడు రోడ్డు పని చేస్తున్న వాళ్ళని చూసి, వీళ్ళ ముఖాల్లో ఇంత హుందాతనమా అని ఆశ్చర్యపోయాడు. తెలుగువాళ్ళు వెళ్ళింది ఆ తర్వాత చెరకు తోటల కూలీలుగా, ఒప్పందం మీద.

లాయరమ్మ:
ఇంగ్లండుకీ మనకీ పెద్ద తేడా ఒకటుంది. అక్కడ చిల్లర దొంగతనానికి ఓడ, ఇక్కడ ఓడ ఎక్కువగా దోపిడీ, హత్య, ఠగ్గీ లాంటి వాటికి. 1860 పీనల్ కోడ్‌లో మామూలు దొంగతనం, 379 సెక్షన్, మూడేళ్ళ జైలు. బందిపోటుకి, 395 సెక్షన్, యావజ్జీవ ద్వీపాంతరం. కానీ ఇక్కడ వేరే క్రూరత్వం ఉంది, నుదుటి మీద నేరం పేరు పచ్చబొట్టుగా పొడిచేవాళ్ళు, 1849లో గానీ అది ఆపలేదు. తలపాగా కిందకి లాక్కుని దాచుకునేవాళ్ళట. ద్వీపాంతరం అనే శిక్ష మన చట్టంలోంచి పోయింది 1955 సవరణతో, అంటే స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొన్నేళ్ళు పుస్తకంలో ఉంది.

చిల్లర దొంగతనం పేరుతో మనుషుల్ని తీసుకెళ్ళి ఒక చోట పడెయ్యడం మన దగ్గర వేరే రూపంలో వచ్చింది. 1871 నేరస్థ తెగల చట్టం, 1911 చట్టంతో మద్రాసుకి కూడా వర్తించింది. స్టూవర్టుపురం అలా పుట్టిందే, ఎరుకల కుటుంబాలని అక్కడ ఉంచి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. ఎవడు ఏం దొంగిలించాడని కోర్టులో రుజువు చేసే పని కూడా లేదు, పుట్టుకే చాలు. రుమాలు కేసులో కనీసం రుమాలు చూపించాలి కదా.

బెజవాడ బాబాయ్:
ఆ చివరి మాటకి దండం తల్లీ. మా బాపట్ల చుట్టాల ఊరు దానికి దగ్గరే. ఇప్పటికీ ఆ ఊరి పేరు చెబితే ఇల్లు అద్దెకివ్వడానికి వెనకాడేవాళ్ళని చూశాను. చట్టం పోయి డెబ్బై ఏళ్ళు దాటింది.

ప్రశ్నల పుట్ట:
ఇంగ్లండు వైపు చివరికి ఎందుకు ఆపేశారు, జాలి కలిగా?

పాత కాగితాలు:
జాలి కొంత, బంగారం ఎక్కువ. 1851లో న్యూ సౌత్ వేల్స్‌లో, విక్టోరియాలో బంగారం పడింది. మామూలు మనుషులు ఆస్తులమ్ముకుని టికెట్ కొనుక్కుని పోతున్న చోటికి దొంగల్ని సర్కారు ఖర్చుతో పంపడం ఏం శిక్ష? పైగా అక్కడ స్థిరపడ్డవాళ్ళే మాకు మీ దొంగలు వద్దని గొడవ చేశారు. 1853లో తాస్మానియాకి ఆగింది, అదే ఏడు ఇంగ్లండులో ద్వీపాంతరం బదులు కఠిన కారాగారం అనే శిక్ష తెచ్చారు. పశ్చిమ ఆస్ట్రేలియాకి మాత్రం కూలీలు చాలడం లేదు, వాళ్ళే అడిగి 1850 నుంచి తెప్పించుకున్నారు, చివరి ఓడ హూగుమాంట్ 1868 జనవరిలో ఫ్రీమాంటిల్ చేరింది. మనవైపు అప్పటికి అండమాన్ మొదలై పదేళ్ళు, 1858 మార్చిలో తొలి ఖైదీలు దిగారు. లండన్‌లో పనికిరాదని తేలిన పద్ధతి పోర్ట్ బ్లెయిర్‌లో అప్పుడే ఊపందుకుంది.

మనవాళ్ళ కేసులు వెతకాలనుకుంటే ఓల్డ్ బెయిలీలాగా ఇంట్లో కూర్చుని పేరు కొడితే వచ్చే సైటు ఆశించకండి. చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్ ఉంది, మద్రాసు ప్రెసిడెన్సీ జుడిషియల్ కన్సల్టేషన్స్, అంటే అప్పటి సర్కారు కోర్టు వ్యవహారాల రికార్డులు, అని అడగండి. జిల్లా పేరు, సంవత్సరం ముందే తేల్చుకుని వెళ్తే మంచిది. పేర్లు ఇంగ్లీషు గుమాస్తాలు తమకి వినపడినట్టు రాశారు, వెంకటప్ప నాలుగు రకాల స్పెల్లింగుల్లో ఉంటాడు, అన్నీ వెతకండి.